పొరుగింటి రాక్షసుడు

తెలుగు వారపత్రికలకు మంచి రోజులు నడుస్తున్న 1980ల మొదట్లో, ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ నవల ‘తులసిదళం’ ధారావాహికగా వచ్చింది. దాన్ని అప్పట్లో వారం వారం చదివిన తరానికి ఇప్పుడు అరవై దాటాయి. కర్నూలు నుంచి బళ్ళారి వెళ్ళే దారిలో, హంద్రీ ఒడ్డున ఉన్న కోడుమూరులో ఆ వయసువాళ్ళను కదిపితే కథ సగానికి సగం మరచిపోయి ఉంటారు. పాప పేరు తులసి అని గుర్తుంటుంది, ఆమె మీదికి వచ్చే క్షుద్రశక్తి కాష్మోరా గుర్తుంటుంది. వాటికంటే స్పష్టంగా గుర్తుండేది తమ భయం. సంచిక చదివిన రాత్రి దొడ్లోకి ఒంటరిగా పోలేదని, దీపం ఆర్పనివ్వలేదని, మూడుదారుల కూడలిలో కోసిన నిమ్మకాయ కనబడితే చుట్టూ తిరిగి వెళ్ళామని చెబుతారు. ఒక్క ప్రతి కొంటే వీధంతా చదివే కాలం అది. చదువురానివాళ్ళకు చదివి వినిపించేవాళ్ళూ ఉండేవారు. కాబట్టి ఒక పత్రిక అమ్ముడుపోయిందంటే భయపడినవాళ్ళు ఒక్కరే అనుకోవడానికి లేదు.

ఇది వెటకారం చేసి వదిలేసే సంగతి కాదు. అచ్చులో ఉన్నది కల్పన అని తెలిసిన మనిషి, పుస్తకం మూసిన తర్వాత కూడా ఎందుకు భయపడతాడు? ఈ ప్రశ్న యాభై ఏళ్ళుగా పండితుల మధ్య నలుగుతోంది. లేని మనిషి కోసం మనం ఏడవడం తర్కానికి నిలవదని 1975లో బ్రిటిష్ తత్త్వవేత్త కోలిన్ రాడ్‌ఫర్డ్ వాదించాడు. ఆయన తీసుకున్న ఉదాహరణ టాల్‌స్టాయ్ అన్నా కరెనినా. మూడేళ్ళ తర్వాత అమెరికన్ తత్త్వవేత్త కెండల్ వాల్టన్ మరో మాట అన్నాడు. సినిమాలో పచ్చటి జిగురు ముద్ద తన మీదికి వస్తుంటే కుర్చీ పట్టుకుని వణికే ప్రేక్షకుడు హాలు వదిలి పారిపోడు, కాబట్టి అతనిది అసలు భయం కాదు, భయంలాంటి ఆట అని. హాల్లో కూర్చున్నంతసేపూ వాల్టన్ మాట చక్కగా సరిపోతుంది. ఇంటికి వచ్చి, గడియ వేసి, మళ్ళీ లేచి గడియ సరిగా పడిందో లేదో చూసుకునే మనిషికి సరిపోదు. అతను ఆటలో లేడు. ఆట ఎప్పుడో ముగిసింది.

దీనికి పక్కన మరొక సంగతి పెట్టి చూడాలి. ఇదే పాఠకులు చిన్నప్పుడు చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘తోకచుక్క’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ వంటి ధారావాహికలు చదివారు. వాటి నిండా మాంత్రికులు, రాక్షసులు, వింత మృగాలు. భయంకరత్వంలో ఆ రాక్షసులు ఎవరికీ తీసిపోరు. అయినా రాకాసిలోయ చదివి దొడ్లోకి పోవడానికి వెనకాడినవాళ్ళు అరుదు. జానపద చిత్రాల దర్శకుడు విఠలాచార్య సినిమాల్లోని దెయ్యాలైతే పిల్లలను కేరింతలు కొట్టించాయి. ‘తులసిదళం’ రాక్షసుడు వేరు. అతనికి రాజ్యం లేదు, లోయ లేదు. హైదరాబాదులో ఉద్యోగం చేసుకునే ఒక మధ్యతరగతి కుటుంబంలోకి అతను వస్తాడు. ఆ ఇంట్లో టెలిఫోను ఉంది. పాపను చూడడానికి డాక్టర్లు వస్తారు. పాప జబ్బుకు వైద్యం ఒక కారణం చెబుతుంది, మంత్రం మరొకటి చెబుతుంది. ఈ కథనంలో పాఠకుడికి కొత్తది దెయ్యం ఒక్కటే, మిగిలినదంతా తన ఇల్లే.

నా అభిప్రాయం ఇది: కథ చదివిన భయం ఎన్నాళ్ళు నిలుస్తుందో తేల్చేది రాక్షసుడి కోరలు కాదు, అతని చిరునామా. దీనికి శాస్త్రం ఇచ్చే ఆధారాలు కొన్ని గట్టివి, కొన్ని పరోక్షమైనవి.

ముందు శరీరం సంగతి త్వరగా చూద్దాం. మెదడు లోపల కణతల అడుగున అమిగ్డలా అనే చిన్న భాగం ఉంది. ప్రమాదపు సూచన అందగానే గుండె వేగం, చెమట, కండరాల బిగువు పెంచే పనిలో అది ముఖ్య పాత్రధారి. అరుదైన జన్యువ్యాధి వల్ల రెండు వైపులా అమిగ్డలా దెబ్బతిన్న ఒక అమెరికన్ మహిళ మీద 2011లో పరిశోధకులు ఒక నివేదిక ప్రకటించారు. పాముల దగ్గరికి తీసుకెళ్ళారు, భూత్ బంగ్లాగా అలంకరించిన పాత క్షయ ఆస్పత్రిలో తిప్పారు, భయానక సినిమాలు చూపించారు. ఆమె భయపడలేదు, పైగా కుతూహలంగా ముట్టుకోబోయింది. 2013లో మాత్రం 35 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గాలి పీల్చగానే ఆమె గాభరాపడింది. అంటే కళ్ళ ముందు కనిపించే ప్రమాదానికి ఒక దారి, ఊపిరాడకపోవడానికి మరో దారి ఉన్నాయన్నమాట. కథ అందేది మొదటి దారిలోనే. ఆ దారి చాలా పాతది.

ఎంత పాతదో తెలియాలంటే కర్నూలు ప్రాంతాన్ని మించిన సాక్ష్యం దొరకదు. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలను 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ తవ్వించారు. బయటపడిన ఎముకలను జీవావశేష శాస్త్రవేత్త రిచర్డ్ లిడెక్కర్ పరిశీలించి 1886లో వివరాలు ప్రచురించాడు. వాటిలో అంతరించిన ఒక ఖడ్గమృగం ఉంది, దానికి ఆయన కర్నూలు పేరే పెట్టాడు. ఈనాడు ఆఫ్రికాలో తప్ప కనిపించని మచ్చల దుమ్ములగొండి కూడా ఉంది. ఈ రాతినేల మీద తిరిగిన మానవుల పూర్వికులకు చీకటి గుహలో ఏదో దాక్కుని ఉండవచ్చుననే అనుమానం మూఢనమ్మకం కాదు. పొద కదిలితే గాలి అనుకుని పొరబడినవాడికి ప్రాణం పోయేది. మృగమనుకుని పొరబడినవాడికి నాలుగడుగుల పరుగు దండగ, అంతే. రెండు పొరపాట్ల ఖరీదు ఇంత తేడాగా ఉన్నప్పుడు చవకైన పొరపాటే ఎక్కువగా చేసే మెదడు మిగులుతుంది. మన మెదడు అలా మిగిలినదే. లేనిచోట కూడా ‘ఎవరో ఉన్నారు’ అని ముందు అనుకుని, తర్వాత సరిచూసుకుంటుంది. సరిచూసుకునే పని పగటిపూట సులువు.

రాత్రిపూట కన్నే మోసం చేస్తుంది. కంటి తెరలో మసక వెలుతురుకు స్పందించే దండకణాలు సుమారు 12 కోట్లు, రంగులు చూసే శంకుకణాలు సుమారు 60 లక్షలు. సూటిగా చూసినప్పుడు పనిచేసే నడిబిందువులో దండకణాలు ఒక్కటీ లేవు. కాబట్టి బాగా చీకట్లో ఒక పక్కగా లీలగా కనిపించిన ఆకారం, తలతిప్పి దానివైపే చూడగానే మాయమవుతుంది. హంద్రీ ఇసుకలో రాత్రి నడిచే ఎవరికైనా ఇది అనుభవమే. నక్షత్రాలు చూసేవారు మసక నక్షత్రాన్ని ఓరకంట చూడడానికి కారణమూ ఇదే. దాక్కునే స్వభావం కంటిదే అయినా మనం దాన్ని దెయ్యానికి అంటగట్టాం.

నిద్రలో మరొకటి జరుగుతుంది. కలలు వచ్చే దశలో మెదడు కండరాలను కదలకుండా ఆపి ఉంచుతుంది. ఆ బిగింపు సడలకముందే మెలకువ వస్తే కళ్ళు తెరుచుకుంటాయి, చేయి లేవదు, నోరు పెగలదు, గుండె మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది. కల ఇంకా పూర్తిగా చెదరకపోవడంతో గదిలో ఆకారం కూడా కనిపించవచ్చు. 2011లో 35 అధ్యయనాలను కలిపి లెక్కవేస్తే సాధారణ ప్రజల్లో 7.6 శాతం మందికి, విద్యార్థుల్లో 28.3 శాతం మందికి జీవితంలో ఒక్కసారైనా ఇది అనుభవమైందని తేలింది. వేళకు నిద్రలేకపోవడం, వెల్లకిలా పడుకోవడం దీన్ని పెంచుతాయి. పరీక్షల ముందు రాత్రి రెండింటిదాకా మేలుకుని, చివర్లో నిద్రపట్టక ఒక దెయ్యం కథ చదివి పడుకున్న కుర్రవాడికి ఇలా జరిగితే, ఉదయానికి ఆ కథ అతనికి కథగా మిగలదు. సాక్ష్యం అయిపోతుంది.

ఇంతవరకూ చెప్పినవి ఏ దెయ్యానికైనా వర్తించే సంగతులు. చిరునామా ప్రశ్నకు జవాబు వేరేచోట, నమ్మకాల మీద జరిగిన ప్రయోగాల్లో ఉంది.

1986లో మనస్తత్వవేత్త పాల్ రోజిన్, ఆయన సహచరులు ఒక తేలికైన ప్రయోగం ప్రచురించారు. రెండు ఖాళీ సీసాల్లో పాల్గొనేవాళ్ళ కళ్ళ ముందే ఒకే పొట్లంలోని చక్కెర పోశారు. ‘చక్కెర’ అన్న చీటీ ఒకటి, ‘సోడియం సైనైడ్’ అన్న చీటీ ఒకటి ఇచ్చి, ఏది దేనికి అంటించాలో వాళ్ళనే తేల్చుకోమన్నారు. తర్వాత రెండింటిలోనుంచీ చక్కెర నీళ్ళు కలిపి తాగమంటే, సైనైడ్ చీటీ తామే అంటించామని తెలిసినా ఆ సీసా చక్కెర తాగడానికి వెనకాడారు. చదువుకున్నవాళ్ళే, ఆరోగ్యవంతులే. తెలిసినదీ జంకినదీ ఒకే మనిషి, ఒకే నిమిషంలో. ‘నీకు దెయ్యాల మీద నమ్మకముందా’ అని అడిగితే లేదనే మనిషి నిమ్మకాయ చుట్టూ తిరిగి వెళ్ళడంలో అబద్ధం ఏమీ లేదు. రెండూ నిజమే.

మరి ‘ఇది కేవలం కల్పితం’ అని పుస్తకం మొదట్లో ప్రకటన వేస్తే? 2000లో మెలనీ గ్రీన్, తిమోతీ బ్రాక్ అనే పరిశోధకులు పాఠకులకు ఒక కథ ఇచ్చారు. అంగళ్ళ సముదాయంలో ఒక చిన్నపాపను మానసిక ఆస్పత్రి నుంచి బయటికి వచ్చిన రోగి చంపడం అందులో విషయం. కొందరికి అది కల్పన అని చెప్పారు, కొందరికి జరిగిన సంగతి అన్నారు. చదివాక సమాజం గురించి, ఇటువంటి రోగులకు ఇవ్వాల్సిన స్వేచ్ఛ గురించి అభిప్రాయాలు అడిగారు. కథలో ఎంత లీనమైతే అభిప్రాయాలు అంతగా కథవైపు వంగాయి. కల్పన అని చెప్పడం వల్ల ఆ వంపు తగ్గలేదు. ఆ కథ జరిగింది ఎక్కడో అడవిలో కాదని, వాళ్ళు వారం వారం సరుకులు కొనే చోటులాంటిదేనని గమనించాలి.

2003లో మనస్తత్వవేత్త ఎలిజబెత్ మార్ష్ బృందం చేసిన పని నాకు ఇంకా ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. చిన్న చిన్న కథల్లో పాత్రల సంభాషణల మధ్య ప్రపంచజ్ఞానానికి సంబంధించిన వాక్యాలు కొన్ని సరైనవీ, కొన్ని తప్పుడువీ చొప్పించారు. తర్వాత పెట్టిన పరీక్షలో పాఠకులు కథలోని తప్పులనే జవాబులుగా రాశారు. కథలో తప్పులుండవచ్చునని ముందే హెచ్చరించినా ఆ పని పూర్తిగా ఆగలేదు. పైగా కొందరు ఆ సంగతి తమకు కథ చదవకముందు నుంచే తెలుసనుకున్నారు. 2007లో జర్మనీలో మార్కుస్ ఆపెల్, టోబియాస్ రిఖ్టర్ మరో అడుగు వేశారు. కథ చదివిన వెంటనే కంటే రెండు వారాల తర్వాత, కథలోని తప్పుడు మాటల మీద పాఠకుల నమ్మకం బలపడిందని చూపించారు. కారణం జ్ఞాపకం పనిచేసే తీరులో ఉంది. విషయం ఒకచోట, అది ఎక్కడ విన్నామన్న గుర్తు మరోచోట నిలుస్తాయి. రెండోది ముందు చెరిగిపోతుంది. ‘ఎక్కడో చదివాను’ అన్న మాట మన నోట ఎన్నిసార్లు వస్తుందో లెక్కేసుకోండి. ఆ ‘ఎక్కడో’ అన్నది వైద్య గ్రంథమా, వారపత్రిక సీరియలా అన్నది అప్పటికి మాటాడేవాడికీ తెలియదు.

ఇక్కడ చిరునామా పని మొదలవుతుంది. రాకాసిలోయ గుర్తొచ్చినప్పుడు లోయే ముందు గుర్తొస్తుంది, లోయతో పాటు చందమామ, బొమ్మలు, అది కథేనన్న ఎరుక తోడొస్తాయి. విషయంలోనే దాని మూలం ఇమిడి ఉంది. నగరంలో జరిగే కథలో అటువంటి గుర్తు ఏదీ లేదు. డాక్టరు మాట, వీధి పేరు, ఆస్పత్రి గది, పాపకు జ్వరం ఇవన్నీ నిజజీవితంలోనూ ఉన్నవే కాబట్టి, మూలం చెరిగిపోయాక నిజమైన జ్ఞాపకాల్లో కలిసిపోతాయి. కాష్మోరాను నేరుగా నమ్మేవాళ్ళు తక్కువే ఉంటారు. కానీ హిప్నాటిజం గురించి, పిల్లల మూర్ఛ గురించి, దూరాన ఉండి మనిషిని జబ్బుపరచడం గురించి ఆ నవల పక్కపక్కన చెప్పుకుంటూ పోయిన మాటలు ఎంతమంది బుర్రలో వైద్య విషయాలుగా స్థిరపడ్డాయో! దెయ్యానికి ఎవరైనా కాపలా పెట్టుకుంటారు. డాక్టరు పాత్రకు కాపలా పెట్టరు.

‘తులసిదళం’ మీద అప్పుడే పెద్ద వాదం నడిచింది. రచయిత్రి రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అన్న పేరుతోనే పుస్తకం రాశారు. నవలకు ముందుమాట రాసినవారు కొమ్మూరి వేణుగోపాలరావు, ఆయన స్వయంగా వైద్యుడూ నవలాకారుడూ. వాదం పరువునష్టం దావాగా కోర్టు దాకా వెళ్ళింది. ఆ కాలపు ఆవేశాలు పక్కనపెట్టి చూస్తే, విజ్ఞానశాస్త్రం రంగనాయకమ్మ వైపు ఒక మెట్టు దిగుతుంది, పూర్తిగా దిగదు. కథలు నమ్మకాలను కదిలిస్తాయనడానికి పైన చెప్పిన ప్రయోగాలే ఆధారం. కానీ అవి చూపిన కదలిక కొద్దిపాటిది, అందరిలో ఒకే తీరుగా లేనిది. సీరియల్ చదివి జనం గుంపులుగా మంత్రగాళ్ళ దగ్గరికి పరుగెత్తారనేంత బరువును అవి మోయలేవు.

ఇలాంటి బరువైన మాటలు ఎలా పుడతాయో ప్రపంచం ఇంతకుముందే చూసింది. 1938 అక్టోబరు 30న అమెరికా రేడియోలో ఆర్సన్ వెల్స్ అంగారకవాసుల దాడి నాటకాన్ని వార్తా ప్రసారం తీరులో వినిపించాడు. దేశం దేశమంతా వీధుల్లోకి పరుగెత్తిందని మర్నాడు పత్రికలు రాశాయి. ప్రిన్స్‌టన్ ఆచార్యుడు హాడ్లీ కాంట్రిల్ 1940లో రాసిన పుస్తకంలో 60 లక్షల మంది విన్నారని, కనీసం పది లక్షల మంది భయపడ్డారని అంచనా కట్టాడు. కానీ ఆ రాత్రే ఒక సంస్థ 5,000 ఇళ్ళకు ఫోను చేసి, ఏం వింటున్నారని అడిగితే ఈ నాటకం పేరు చెప్పినవారు 2 శాతమే. రేడియోతో ప్రకటనల కోసం పోటీపడుతున్న పత్రికలకు రేడియో ప్రమాదకరమని చూపించడం లాభసాటి బేరం. భయపడినవాళ్ళు లేకపోలేదు. భయపడ్డారన్న కథ మాత్రం భయంకంటే బాగా వ్యాపించింది. మన పెద్దవాళ్ళు ‘తులసిదళం’ రోజుల గురించి చెప్పే మాటల్లోనూ కాస్త ఈ పెరుగుదల ఉండే ఉంటుంది. భయపడిన సంగతి చెప్పుకోవడం కూడా ఒక కథ చెప్పడమే కదా.

దీన్ని పట్టుకుని ‘కథల వల్ల ఏమీ కాదు’ అనడం కూడా తప్పే. ఈక్వడార్ రాజధాని కీటోలో 1949 ఫిబ్రవరిలో అదే నాటకాన్ని తమ ఊరి పేర్లతో, తమ ఊరి పొలిమేరలతో మార్చి ప్రసారం చేశారు. అది నాటకమని తెలిశాక జనం కోపంతో రేడియో కేంద్రమున్న భవనాన్ని తగలబెట్టారు, మనుషులు చనిపోయారు. బ్రిటన్‌లో 1992 అక్టోబరు 31న బీబీసీ ‘ఘోస్ట్‌వాచ్’ అనే కల్పిత కార్యక్రమాన్ని, ప్రేక్షకులకు తెలిసిన యాంకర్లతో, మామూలు ఇంటి నుంచి ప్రత్యక్ష ప్రసారంలా చూపించింది. అది చూసిన తర్వాత ఆందోళన లక్షణాలు పట్టుకుని వదలని పదేళ్ళ పిల్లలిద్దరి గురించి 1994లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో వైద్యులు రాశారు. కీటోలోనూ బ్రిటన్‌లోనూ భూతం ఇంటిదాకా వచ్చింది.

మన దగ్గర దీనికి సాటి కథ పుస్తకంలో లేదు, తలుపుల మీద ఉంది. 1990లలో తెలుగు జిల్లాల్లో అనేక ఊళ్ళ తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అన్న రాత కనిపించేది. కన్నడ ప్రాంతంలో ‘నాళె బా’ అని రాసేవారు. రాత్రి ఒక ఆడదెయ్యం బంధువుల గొంతుతో పిలుస్తుందని, తలుపు తీస్తే ప్రాణం పోతుందని, రాత చూస్తే మర్నాడు రావడానికి వెళ్ళిపోతుందని వదంతి. రచయిత ఎవరో తెలియని ఈ చిన్న కథ నిర్మాణం మెచ్చుకోదగ్గది. పిలుపు తెలిసిన గొంతుది, ప్రమాదం సొంత గడప దగ్గర, విరుగుడు ఒక సుద్దముక్క. పరీక్షకు మాత్రం ఇందులో చోటులేదు. రాశాక ఎవరూ చనిపోకపోతే రాత పనిచేసినట్టు, రాయని ఇంట్లో ఎవరూ చనిపోకపోతే దెయ్యం ఇంకా ఆ వీధికి రానట్టు. పక్కింటి తలుపు మీద రాత చూసినవాడికి అది వదంతిలా కనిపించదు, పక్కింటివాడి తీర్పులా కనిపిస్తుంది. రాయడానికి ఖర్చు లేదు, రాయకపోతే ఏమో! గుహల కాలం నాటి ఆ లెక్కే మళ్ళీ. ఒక్కో తలుపూ తర్వాతి తలుపుకు ఆధారం అయింది.

నిజంగా దాక్కుని ఉన్న జీవి అయితే జాడ వదులుతుంది. కడప జిల్లా లంకమల అడవుల కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనే అనుకున్నారు. రాత్రిపూట మాత్రమే తిరిగే పక్షి. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెదుకుతుండగా, సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లిలో ఐతన్న అనే వేటగాడు దాన్ని పట్టి తెచ్చాడు. తర్వాతి పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, అడుగుల ముద్రలు పడతాయేమో చూశారు, దానంతటదే పనిచేసే కెమెరాలు పెట్టారు. ముద్ర పడకపోవచ్చు కూడా. పడకపోతే వాళ్ళు లేదనే రాసుకున్నారు. తలుపు మీద రాతకు అటువంటి అవకాశం ఎన్నడూ ఇవ్వలేదు.

రాయలసీమకు ఊరి రాక్షసులు కొత్త కాదని కూడా చెప్పాలి. హొళగుంద మండలం దేవరగట్టులో విజయదశమి రాత్రి జరిగే బన్ని ఉత్సవానికి మూలం మణి, మల్లాసురులనే రాక్షసులను మాళమల్లేశ్వరుడు సంహరించిన కథ. కర్రలతో జరిగే ఆ సంరంభంలో ఏటా తలలు పగులుతాయి, ఆ హింసను ఎవరూ సమర్థించనక్కర్లేదు. అయితే ఆ రాక్షసులకు కొండ ఉంది, తేదీ ఉంది, సంహారమూ ఉంది. పండగ మర్నాడు కోడుమూరు నుంచి వెళ్ళి చూసొచ్చినవాడు ఇంటికి గడియ వేసుకుని వణకడు. చిరునామా ఉన్నా గడువు తీరిన చిరునామా అది. వారపత్రిక సీరియల్ అయితే ‘ఇంకా ఉంది’ అన్న మాట దగ్గర ఆగి, రాక్షసుణ్ణి ఏడు రోజులపాటు పాఠకుడింట్లో వదిలి వెళుతుంది. సీరియల్‌గా చదివినవాళ్ళ భయం, ఒక్క పూటలో పుస్తకంగా చదివినవాళ్ళ భయం కంటే గట్టిగా ఉండడానికి ఇదొక కారణమని నా ఊహ.

మరి ఈ భయాన్ని ఏం చేయాలి? భయపడవద్దని చెప్పడం వల్ల ప్రయోజనం తక్కువ. కోతిని తలచుకోకుండా మందు తాగమన్న మన సామెతను 1987లో మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ తెలియకుండానే ప్రయోగశాలకెక్కించాడు. తెల్ల ఎలుగుబంటి గురించి ఐదు నిమిషాలు ఆలోచించవద్దని, తలపుకొస్తే గంట కొట్టమని విద్యార్థులను అడిగితే గంటలు మోగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత ఆలోచించవచ్చునని వదిలేస్తే, మొదటినుంచీ స్వేచ్ఛగా ఆలోచించినవాళ్ళకంటే ఎక్కువ మోగాయి.

గుట్టు విప్పడం కొంత పనిచేస్తుంది. నిమ్మకాయ కోస్తే నెత్తురు కారడం వెనక ఉన్నది ముందే కత్తికి పూసి ఆరబెట్టిన మందారపూల రసమని, నిమ్మలోని ఆమ్లానికి అది ఎర్రబడుతుందని జన విజ్ఞాన వేదిక వంటి సంస్థల కార్యకర్తలు బడుల్లో చేసి చూపుతారు. చూసిన పిల్లలు మంత్రగాడికి మోసపోవడం తగ్గుతుంది. వాళ్ళు కథకు భయపడడం మాత్రం తగ్గకపోవచ్చు, ఎందుకంటే ఆ భయం నిమ్మకాయ మీద నిలబడి లేదు. పైగా కొంత భయం సరదాయే. డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు భూత్ బంగ్లా సందర్శకుల గుండె లయను కొలిచి 2020లో ప్రచురించిన ఫలితాల్లో, మరీ తక్కువ భయమూ మరీ ఎక్కువ భయమూ ఆనందాన్ని తగ్గించాయి, నడిమి భయం పెంచింది. కథలను నిషేధించమనేవారికి, పిల్లల చేతిలోనుంచి లాక్కునేవారికి ఈ ఫలితం నచ్చకపోవచ్చు.

ఏది ప్రమాదమో 2018 మేలో తెలిసింది. పిల్లల్ని ఎత్తుకుపోయే పార్ధీ ముఠాలు ఊళ్ళోకి దిగాయన్న సందేశాలు రెండు తెలుగు రాష్ట్రాల ఫోన్లలో తిరిగాయి. రాయలసీమలోనూ తిరిగాయి. కథ తీరు మారలేదు: రాత్రి, తెలిసిన వీధి, పసిపిల్ల, మారువేషం. దెయ్యం స్థానంలోకి మనిషి వచ్చాడు. దెయ్యాన్ని ఎవరూ కొట్టలేరు, కొత్త మనిషిని కొట్టవచ్చు. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. దేశంలో ఇటువంటి హత్యలు వరసపెట్టాక, జులైలో వాట్సాప్ ఒకే సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. చేతబడి అనుమానంతో ఒంటరి ముసలివాళ్ళ మీద జరిగే దాడుల్లోనూ ఇదే క్రమం కనిపిస్తుంది. ముందు జబ్బుకు ఒక కథ, తర్వాత ఆ కథకు ఒక చిరునామా, చివరికి ఆ చిరునామాలో నివసించే ఒక మనిషి.

చిరునామా గురించి ఇక్కడ రాసినది పరీక్షకు నిలబడాలి. కోడుమూరు ఉన్నత పాఠశాలల్లో తొమ్మిదో తరగతి పిల్లలతో, తల్లిదండ్రుల అనుమతితో, పెద్ద ఖర్చు లేకుండా దీన్ని చేయవచ్చు. ఒకే చిన్న కథను రెండు విధాలుగా రాయాలి. ఒకటి పేరులేని దూరదేశపు అడవిలో, రెండోది కోడుమూరు బస్టాండు, హంద్రీ వంతెన, సంత మధ్య జరగాలి. రాక్షసుడు రెండింటిలో ఒకడే, మరీ భయంకరుడు కాకూడదు. రెండింటిలోనూ పాత్రల మాటల్లో హాని చేయని తప్పులు నాలుగు చొప్పించాలి, గుడ్లగూబకు పగలు కళ్ళు కనబడవు అన్నలాంటివి. ఎవరికి ఏ కథ ఇవ్వాలో చీట్లు తీసి తేల్చాలి. కథ ఇవ్వని మూడో జట్టు ఒకటి ఉండాలి. చదివిన రోజు ఒకసారి, పదిహేను రోజుల తర్వాత మరోసారి, కథ ఊసెత్తకుండా సామాన్య విజ్ఞాన ప్రశ్నల మధ్య ఆ నాలుగూ అడగాలి. ‘ఇది నీకెలా తెలుసు’ అన్న గడి పక్కనే ఉంచాలి. ముగిశాక ఏది తప్పో ఎందుకు తప్పో పిల్లలకు కూర్చోబెట్టి చెప్పాలి. నా లెక్క ప్రకారం మొదటి రోజు రెండు జట్లలోనూ చాలామంది ఆ గడిలో ‘కథలో’ అని రాస్తారు. పదిహేనో రోజున అడవి కథ జట్టు అదే రాస్తుంది, బస్టాండు కథ జట్టులో ‘ఎక్కడో చదివాను’, ‘ముందే తెలుసు’ అన్నవి పెరుగుతాయి. రెండు జట్ల మధ్య తేడా రాకపోతే చిరునామా గురించి పైన రాసినదంతా కొట్టేయాలి.